మూడు ఊళ్ల పెట్రోలు

తనిఖీ అధికారి గారికి నమస్కారాలు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం బంకులవంటూ తమరు పంపిన మూడు పెట్రోలు సీసాలను గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలో పరీక్షించాను. మూడింటిలోనూ బెంజీన్ అనే విషపదార్థం మితిమీరి ఉందని రాశాను. మూడు బంకులకూ తాళాలు పడ్డాయి. తీరా చూస్తే, యంత్రం గీసిన మూడు గీతలకూ వెంట్రుకవాసి తేడా లేదు. వేర్వేరు బంకుల పెట్రోలు ఇంత అచ్చంగా ఒకేలా ఉండదు.

కుప్పం బంకు యజమాని కృష్ణమ్మ గారు నిన్న ల్యాబుకు వచ్చి, "మా తట్టుకు ఎవురూ రాల్యా సారూ, బీగం మాత్రం వచ్చి పడిండాది" అని కంటతడి పెట్టుకున్నారు. తమరి జీపు డ్రైవరును అడిగాను.

"ఆ ఎండలో మూడూళ్లు యాడ తిరిగేదప్పా? మూడు సీసాలూ పుంగనూరులోనే పట్టేసినాం" అన్నాడు.

తాళం తీయడానికైనా తమరు ఒక్కసారి కుప్పం వెళ్లవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
ల్యాబు కెమిస్టు