రెండో తప్పు

లాయరు గారికి నమస్కారం.

తీర్పు నకలు అందింది. కుట్టు దుకాణం నాకే దక్కింది. మీ మేలు మరచిపోను.

నాన్న వీలునామాలో రెండు తప్పులున్నా రాసినాయన ఉద్దేశం తెలుస్తూనే ఉందని జడ్జిగారు అన్నారు. మొదటిది దుకాణం నంబరు. అది నిజంగా తప్పే. ఊళ్లోవాళ్ల కొలతలన్నీ నోటికి చెప్పే నాన్న, తన దుకాణం నంబరు కావలసినప్పుడల్లా ఎదురు కొట్టు ఆయన్ని అడిగేవారు.

రెండోది "నా కూతురు" అన్న మాట. అమ్మ నాన్నని పెళ్లి చేసుకునేనాటికే నేను నడుస్తున్నాను కాబట్టి అది పొరపాటు వర్ణనట. అయినా ఆయన మనసులో ఉన్నది నేనే కాబట్టి చెల్లుతుందట.

దావా వేసిన బాబాయి కోర్టు మెట్ల మీద ఎదురుపడి, "దుకాణం నువ్వే ఉంచుకోవే. మా అన్న కూతురివి కాదని కోర్టే రాసిందిగా, నాకది చాలు" అని నవ్వుతూ వెళ్లాడు.

నాన్న నా బట్టలు ఏనాడూ కొలత తీసి కుట్టలేదండీ. ఒక్కటీ బిగుతు కాలేదు.

గెలిచినవాళ్లు అప్పీలు చేసుకోవచ్చా? దుకాణం జోలికి పోవద్దు. వీలునామాలో ఉన్న తప్పు ఒక్కటేనని తీర్పులో దిద్దిస్తే చాలు.

ఇట్లు,
దర్జీగారమ్మాయి