వాసన వచ్చిందని చెప్పేసినాను

మంగళవారం, వలెన్సియా, స్పెయిన్

జ్వరమొచ్చి ముక్కుకు వాసన తెలియకుండా పోయినప్పటి నుంచి ఆదోనిలో నా కాఫీపొడి అంగడి మూతబడే ఉంది. మంచి కాఫీ తాగితే మళ్లా తెలుస్తుందేమోనని చెల్లెలు సుజాత నన్ను ఈడికి పిలిపించుకునింది. ఈ పొద్దు సముద్రం పక్కన నాలుగో కాఫీ షాపు వెతికి పిలుచుకపోయింది. కప్పు ఇచ్చినామె, మల్లెపూల వాసన వస్తుందని చెప్పిందంట. నాకు చేదు తప్ప ఏమీ తెలియలేదు.

"ఏమన్నా వచ్చిందా అన్నా?" అని సుజాత అడిగింది. దాని ముఖం చూసి "వచ్చిందమ్మా" అనేసినాను. ఆడనే ఏడ్చేసింది. వెంటనే మా ఆమెకు ఫోన్ చేసి చెప్పింది.

"నువ్వొచ్చేలోపల గింజలు వేయించే మిషన్ బాగు చేయిస్తా, అంగడి తెరుద్దాం" అని మా ఆమె ఒకటే సంతోషం.

అబద్ధమని ఎట్ల చెప్పేది? గింజ వేగిందో మాడిందో ఇన్నేండ్లు ముక్కుతోనే కనిపెట్టినాను. ఇంక ఆ మిషన్ ముందర నిలబడి ఏం చేసేది...