నోటీసు నెల

ఎస్తేరక్కా,

నువ్వు చదవవని తెలిసీ రాస్తున్నాను. ఈరోజు రొయ్యల కంపెనీలో రాజీనామా ఇచ్చాను, నెల నోటీసుతో.

నిరుడు జ్వరంతో నువ్వు మానేస్తానంటే, నోటీసు నెల పూర్తి చేయాల్సిందేనన్నాడు ఈ మేనేజరే. ఐసు నీళ్లల్లో రొయ్యలు వలుస్తూ ఇరవై రోజులు దగ్గావు. ఇరవై ఒకటో రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాం. నువ్వు తిరిగి రాలేదు.

నా కాగితం చూసి అతను నవ్వాడు. "నెలెందుకమ్మా? కొత్తోళ్లు వచ్చినారు. రేపట్నించి రావొద్దులే."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి మా అక్కనెందుకు వదల్లేదు సార్?"

"ఎవరమ్మా మీ అక్క?"

రొయ్యలు వలిచే ఆడవాళ్లందరికీ వినబడేలా నీ పేరు అరిచి చెప్పాను. అందరి చేతులూ ఆగిపోయాయి.

"రూలు మీదే సార్. నెల పూర్తి చేసే పోతా" అన్నాను.

రేపు పొద్దున బస్సుకి పనికే వెళ్తున్నాను. నెల తిరిగేలోగా నీ పేరు అతనికి కంఠతా వచ్చేలా చేస్తాను.