మ్యూజియంలో మగ్గం

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేనూ మన గల్లీ గణేషూ వీపున సంచులు వేసుకుని ఇంగ్లండులో తిరుగుతున్నాం. ఇవాళ పొద్దుటి నుంచీ మ్యూజియంలే. మూడో దాంట్లో, నార్పోలిలో సేటు బట్టల కార్ఖానాలో నువ్వు నడిపినటువంటి పవర్‌లూమ్ కనిపించింది.

దాన్ని చూపించే ముసలాయన స్విచ్ వేయగానే హాలంతా దడదడలాడింది. నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడెను చూపించడానికి ఆయన ముందుకు వంగాడు. మెడలో టై వేలాడుతోంది, పక్కనే మగ్గాన్ని నడిపే బెల్టు పట్టా తిరుగుతోంది. నాకు ఆ టై బదులు పట్టాలో చిక్కిన నీ చొక్కా కనిపించింది. ఆయన కాలరు పట్టుకుని వెనక్కి విసిరికొట్టాను. ఇనుప స్తంభానికి తగిలి ఆయన నుదురు చిట్లింది. ఇద్దరు కాపలావాళ్లు నన్ను నేలకేసి అదిమారు.

"అరే శీనూ, ఏం జేసినవ్‌రా!" అని గణేష్ అరిచాడు. మిషన్ బంద్ చేసేలోపే పట్టా నిన్ను లోపలికి లాగేసిన సంగతి వాడే ఆయనకు ఇంగ్లీషులో చెప్పాడు.

ఆయన నెత్తురు తుడుచుకుంటూ నన్ను వదిలేయమన్నాడు. పట్టాకు అడ్డంగా బిగించిన ఇనుప జాలీని చూపించి, "నాకేమీ అయ్యేది కాదు. మీ అన్న మగ్గానికి ఇది లేదా?" అని అడిగాడు.

లేదు కదన్నా. నువ్వు అడిగినప్పుడల్లా సేటు, "జాలీ పెడితే పని ఆగుతది, గట్లనే నడుపు" అనేవాడు.

జనానికి చూపించడానికి కాసేపు తిప్పే మగ్గానికి మాత్రం ఉంది. నేను లేచి ఆ జాలీని రెండు చేతులా పట్టుకుని, వేళ్లు తెగేదాకా గుంజాను. అది ఊడలేదు.