సుంకప్పకు చూపించాల్సిన వెండి

జూన్ 23, సోమవారం. సాయంత్రం 6.

నా పేరు అక్కమ్మ. ఊరు ధర్మవరం. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో ఆధార్ కార్డుకు కూడా సరిగ్గా తెలియదు. నాకు చదువు రాదు. ఈ నోటుబుక్కులో చెప్పేది నేను, రాసేది పక్కింట్లో బట్టలు కుట్టే ఎస్తేరు. "తిట్లు రాయనవ్వా" అని ముందే షరతు పెట్టింది. తిట్టు వచ్చిన చోట గీత గీస్తుందట.

జరిగింది ఇది. పెట్టెలో ఉన్న నా పెళ్ళి చీరను నీడలో ఆరేశాను. పాత పట్టు చీరలు కొనే సుంకప్ప బండి ఆపాడు. అంచు పట్టుకుని గోటితో గీకాడు.

"ఇది వెండి జరీ కాదవ్వా. ఉత్త రాగి. పాతది కదా, ఒక స్టీలు బేసిన్ ఇస్తా."

బేసిన్!

ఆ చీర నేసింది నా మొగుడు తిప్పేస్వామి. యాభై రెండేళ్ల కిందట, తన పెళ్ళికి తనే నేశాడు. నా చేతిలో పెట్టి "వెండి జరీ" అన్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇప్పుడు ఎవరి మాట అబద్ధం? సుంకప్పదా, ఆయనదా?

వీధంతా వినేలా చెప్పాను. "వచ్చే నెల ఏడో తేదీకి రారా ——. నా చేతులతో వెండి తీసి నీ అరచేతిలో పెడతా. పెట్టలేకపోతే చీర ఊరికే తీస్కపో."

పద్నాలుగు రోజులున్నాయి. బోలెడు!

జూన్ 24, మంగళవారం. ఉదయం 11.

పని మొదలైంది! కంసాలి ఆంజినప్ప దగ్గరికి వెళ్లాను. మా ఆయనకు స్నేహితుడు. మొత్తం చెప్పాడు. జరీని కాల్చాలి. పట్టు బూడిదవుతుంది. బూడిద కడిగితే అడుగున రవ్వలు మిగులుతాయి. వాటిని మూసలో, అంటే నిప్పుకు తట్టుకునే మట్టి గిన్నెలో వేసి, వెలిగారం చల్లి, బొగ్గుల మీద పెట్టి ఊదాలి. వెలిగారం ముందు పొంగుతుంది, తర్వాత గాజులా కరుగుతుంది. మురికి దాంట్లోకి పోతుంది, లోహం కిందికి దిగి గుండు కడుతుంది.

"గుండులో రాగి ఉంటే వేరు చేసేది ద్రావకంతో. దాని జోలికి నువ్వు పోవద్దు, నా అంగట్లోనే చేద్దాం. ఇదంతా రాసుకో అక్కమ్మా."

"తలకాయలో రాసుకున్న్యా. ఇంగేమన్నా ఉంటే చెప్పు."

మూస, పిడికెడు వెలిగారం ఇచ్చాడు. ఇంటికొచ్చాక చిన్న చిక్కు. మా ఇంట్లో పట్టు ఉడికించే సోడా ఉంది, రంగులోకి వేసే పటిక పొడి ఉంది. వెలిగారంతో మూడు డబ్బాలు, మూడూ తెలుపే. ఎస్తేరు పేర్లు రాసి అంటిస్తానంది.

"అంటిస్తే చదివేదెవురు? నువ్వొచ్చి నా పక్కన కూచుంటావా?"

మూడు డబ్బాలకు మూడు పట్టు పోగులు కట్టాను. వెలిగారానికి ఎరుపు, సోడాకు పచ్చ, పటికకు పసుపు. చదువుకున్నోళ్లకు ఈ తెలివి రాదు.

జూన్ 25, బుధవారం. అమావాస్య.

మగ్గానికి సెలవు. నాకూ సెలవు. నేతోళ్ల ఇంట్లో అమావాస్య నాడు పని చేస్తామా? ఓళిగలు చేసుకున్నాం. నాలుగు తిన్నాను. (ఆరు అని ఎస్తేరు రాయబోతే ఆపాను.)

జూన్ 27, శుక్రవారం. సాయంత్రం 5.

ప్రాక్టీసు! కోడలు జ్యోతిలక్ష్మి మగ్గం కింద పడిన జరీ తుక్కు ఏరి, వాకిట్లో కుంపటి పెట్టి కాల్చాను.

కంపు! టైరు కాల్చినట్టు. ముక్కు మూసుకుని కోడలు వచ్చింది.

"ఇప్పటి జరీ ప్లాస్టిక్కు అత్తా. షావుకారి ఇస్తాడు, మేము నేస్తాండాం. వెండి యాడుండాది దాంట్లో?"

నల్లటి ముద్ద మిగిలింది. దానిమీద కాస్త బూడిద. ఆ బూడిదనైనా కడుగుదామని చెంబు కోసం లేచానో లేదో, ఆషాఢం గాలి! కొండమీద గాలిమరలు తిప్పే గాలికి నా బూడిద ఒక లెక్కా? ఎత్తుకుపోయి ఎదురింటి నాగలక్ష్మమ్మ వడియాల మీద చల్లింది.

"ఏమక్కమ్మా, మా వడియాలకు విభూతి పూస్తాండావా?"

నేనేమన్నానో ఎస్తేరు రాయలేదు. రెండు వరసల గీతలున్నాయి.

పర్వాలేదు. పది రోజులున్నాయి.

జూన్ 29, ఆదివారం.

ఎస్తేరు చర్చికి పోయి మధ్యాహ్నం వచ్చింది. రాసేవాళ్లు లేకుండా పని చేస్తే సాక్ష్యం ఏముంటుంది? అందుకని చేయలేదు. గాలి కూడా ఉంది. మోకాలి నొప్పి కూడా.

జూలై 1, మంగళవారం. మధ్యాహ్నం 3.

ఆంజినప్ప ఒక చిరిగిన పాత అంచు ముక్క ఇచ్చాడు. నిఖార్సైన వెండి జరీ. ఈసారి గాలి రాకుండా స్నానాల గదిలో కాల్చాను. కడిగాను. రవ్వలు మిగిలాయి! మూసలో వేశాను. వెలిగారం కోసం చూస్తే డబ్బాలకు పోగులు లేవు. ఒక్కదానికీ లేదు.

"దారాలేవే?"

"నేనే విప్పినా అత్తా. మంచి పట్టు పోగులు, డబ్బాలకు ఊరికే ఏలాడుతాంటే? పడుగులో తెగిన కాడ అతికినా."

ఏమంటాను? ఈ ఇంట్లో జానెడు పోగు కూడా పారేయకూడదని ముప్పై ఏళ్లుగా దానికి నేర్పింది నేనే.

కోడలిని చదవమందామంటే డబ్బాల మీద పేర్లు లేవు. వద్దన్నది కూడా నేనే. వేళ్లతో నలిపి చూశాను. ఇదే వెలిగారం అనిపించింది. చల్లాను. పొంగింది. ఆంజినప్ప పొంగుతుందని చెప్పాడు కదా అని సంతోషించాను. ఇంకా పొంగింది. పూరీలా పొంగింది, మూస దాటింది, బొగ్గుల మీద పడింది. కరగలేదు. అరగంట ఊదాను. తెల్లటి గడ్డ, లోపల రవ్వలు. మూస పగిలింది.

అది పటిక.

జూలై 3, గురువారం.

ఈరోజు చేయకపోవడానికి కారణాలు. కొత్త మూస లేదు. బొగ్గులు తడిశాయి. (వాన ఎక్కడిది అని ఎస్తేరు అడుగుతోంది. నేనే నీళ్లు పోశాను, పొరపాటున.) కంటిలో పొర. గురువారం.

ఆంజినప్ప ఇంటికొచ్చాడు. "పాత ముక్కలు అయిపోయినాయి. నీ చీరే తీస్కరా. అంచు జానెడు కోసి నేనే కరిగిస్తా."

"శనివారం చూద్దాంలే."

జూలై 5, శనివారం. సాయంత్రం 7.

చూడలేదు. రాస్తూ రాస్తూ ఎస్తేరు కలం ఆపింది.

"అవ్వా, ఒక మాట అడగనా? పాత జరీలో ఒక పోగు లాగితే తెలుస్తుందంట కదా. తీగ లోపల ఎర్ర పట్టు ఉంటే వెండి, తెల్ల నూలు ఉంటే రాగి. మా టైలరింగు కాడికొచ్చే ఆడోళ్లందరూ అంటారు."

"నాకు తెలీదనుకుంటివా? యాభై ఏండ్లు జరీ కండెలు సుట్టినదాన్ని!"

"మరి ఈ కుంపటి, ఈ మూస, ఈ పటిక అంతా ఏల? ఒక పోగు లాగకపోతివా?"

"రాసింది చాలు. మూయ్ పుస్తకం."

జూలై 6, ఆదివారం. తొలి ఏకాదశి.

ఉపవాసం. ఉపవాసమున్న మనిషి కుంపటి ఊదకూడదు.

వెండి తీయడం నాతో కాదు. ఇది కూడా రాయి. రేపు బయట తాళం వేసి పొమ్మని కోడలికి చెప్పాను. నేను లోపల ఉంటాను. సుంకప్ప ఊరెళ్లిందనుకుని పోతాడు.

"బేసిన్ అమ్మేవానికి భయపడి దాంకుంటాండావా అత్తా? నువ్వు?"

నా భయం సుంకప్ప అంటే కాదు, తెల్ల పోగు అంటే. కోడలికి చెప్పలేదు. పుస్తకానికి చెబుతున్నాను.

జూలై 7, సోమవారం. మధ్యాహ్నం 2.

పదకొండు గంటలకు బండి ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను. బయట మాటలు.

"అక్కమ్మవ్వ లేదా? సచ్చినోన్ని అనకూడదు గానీ, తిప్పేస్వామన్న సొంత పెండ్లాన్నే మోసం చేసినాడు పాపం."

లేచాను. తలుపు గుంజాను. తాళం బయట! తాళంచెవి కోడలి దగ్గర, కోడలు షావుకారి అంగట్లో!

"ఎవుర్రా మోసం చేసింది? కిటికీ కాడికి రారా ——!"

పెట్టెలోంచి చీర తీశాను. కొంగు కిటికీ ఊచల్లోంచి బయటికి తోశాను. వీధి వీధంతా చేరింది. నాగలక్ష్మమ్మ వడియాల చేటతో వచ్చింది.

"వెండి తీస్తానంటివే అవ్వా, యాడుండాది?"

కొంగు చివర ఒక జరీ పోగు పట్టుకున్నాను. యాభై రెండేళ్లు ఈ చీర మడతలు మార్చాను, కర్పూరం పెట్టాను, ఒక్క పోగు లాగలేదు. ఇప్పుడు లాగాను. గోటితో తీగ విప్పాను.

ఎరుపు. కుంకం లాంటి ఎరుపు.

"ఏమప్పా, కండ్లు కనపడతాండాయా?"

సుంకప్ప వంగి చూశాడు. గొంతు తగ్గింది. "కొంగు వెండే అవ్వా. నేను ఆ పొద్దు అంచు ఒక్కటే చూసినా. అంచు కూడా లాగు మరి."

అంచు లాగాను. తెలుపు.

సుంకప్ప నోరు తెరిచాడు. నా ముఖం చూసి మూసుకున్నాడు. "పోనీ, కొంగు ఒక్కటి కోసియ్ అవ్వా, మంచి రేటు కట్టిస్తా" అని గొణిగాడు. ఊచల్లోంచి చెంబు విసిరాను. తగల్లేదు. బండి మాత్రం చాలా వేగంగా పోయింది.

కోడలు వచ్చి తాళం తీసింది. జరిగిందంతా వింది. "మామకు అంతవరకే దొరికిండాదేమో అత్తా వెండి."

"దొరికినంత దొరికింది. సెప్పుంటే పోయేది కదా! రాగి అంచయితే కట్టుకోనంటానా నేను?"

ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఇద్దరమూ నలభై మూడేళ్లు ఆ పెట్టె పక్కనే పడుకున్నాం. సగం అబద్ధాలకోరు! ఉంటే ఈరోజు సగం అన్నమే పెట్టేదాన్ని.

ఆ రెండు పోగులూ ఈ పేజీకి అంటించమన్నాను. ఈ పుస్తకం మొత్తంలో నేను చదవగలిగింది ఆ రెండే.

జూలై 8, మంగళవారం. ఉదయం 7.

చీర పెట్టెలోకి పోయింది. దాన్ని కాల్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తకూడదు.

కానీ చేతులతో వెండి తీస్తానని వీధిలో అన్నాను. అన్నది అన్నట్టే ఉంది. సుంకప్ప వచ్చే నెల కూడా ఈ దారిలోనే వస్తాడు. బేసిన్ మాట నేను మరిచిపోలేదు.

ఆంజినప్ప ఎవరిదో పాత చీర అంచు వెతికి తెచ్చి, ఇంకో మూస కూడా ఇస్తానన్నాడు. డబ్బాలకు ఈసారి పట్టు పోగులు కట్టలేదు. చెనక్కాయల మూటలకు కట్టే పురికొస తెప్పించాను. వెలిగారానికి ఒక ముడి, సోడాకు రెండు, పటికకు మూడు. కంటిలో పొర ఉన్నా వేళ్లకు తెలుస్తుంది. పురికొసను ఏ నేతోళ్ల కోడలూ మగ్గానికి అతకదు.

ఈరోజే మొదటి రోజు!

గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. నాగలక్ష్మమ్మ మళ్లీ వడియాలు పెట్టింది.

ఎస్తేరూ, ఆ మొదటి రోజు కొట్టేయ్. రేపని రాయి.