సమాధుల తోటలో తూర్పు మూల

అక్టోబర్ 6, ఆదివారం

మా చర్చి సంఘం ఒప్పుకుంది. మా సమాధుల తోటలో తూర్పు మూల ఖాళీగా పడి ఉన్న ముక్కను ఊళ్ళోని బోస్నియా ముస్లింలకు వాళ్ళ సమాధుల కోసం ఇద్దామని పాస్టర్ జనెల్ ఓటు అడిగింది. చేతులు మెల్లగా లేచాయి, కానీ లేచాయి. వాళ్ళు ఇక్కడి మాంసం ఫ్యాక్టరీలో పనికి వచ్చి ముప్పై ఏళ్ళు కావస్తోంది. మసీదు ఉంది, బేకరీ ఉంది. ఎవరైనా పోతే మాత్రం పూడ్చడానికి అయోవా దాటి పక్క రాష్ట్రం దాకా తీసుకెళ్ళాలి.

మా అన్నయ్య వెర్లిన్ చెయ్యి ఎత్తలేదు. ఆ మూలకు ఆనుకుని ఉన్న పొలం అతనిదే. అడుగుదామనుకున్నాను. ప్రార్థన అవగానే వెళ్ళిపోయాడు.

అక్టోబర్ 9

ఆ బోస్నియా వాళ్ళలోని రామిజ్‌ని చూడ్డానికి వెళ్ళాను. ఇళ్ళకు వెళ్ళి చూసే నర్సుగా ఇన్నేళ్ళు చేశాక కొన్ని సంగతులు తలుపు తీయగానే తెలిసిపోతాయి. అతని ఊపిరితిత్తులు ఈ చలికాలం దాటవు. ఆక్సిజన్ పెంచాను. స్థలం సంగతి చెప్తే ముసలాయన మొహం వెలిగింది.

"ఆర్డిత్, మీవాళ్ళు చర్చిలో నాలుగు స్వరాలు కలిపి గట్టిగా పాడతారు కదా. సమాధుల్లో కూడా పాడతారా?"

పాడతారన్నాను.

"అయితే తూర్పు మూలే నయం. కాస్త దూరం."

అతని భార్య ఫాదిలా నవ్వలేదు. కౌంటీ వాళ్ళు పర్మిట్ ఇవ్వాలి కదా అంది. ఇస్తారులే అన్నాను. చిన్నపిల్లను చూసినట్టు చూసింది నన్ను.

అక్టోబర్ 17

తూర్పు మూలలో హద్దులకని సర్వే వాళ్ళు పాతిన కర్రలన్నీ ఎవరో పీకి మా చర్చి మెట్ల మీద పెట్టారు. విరగ్గొట్టలేదు. మట్టి తుడిచి, వరసగా, చివరలు కలిపి పేర్చారు. విరగ్గొట్టి ఉంటే ఇంత భయం వేసేది కాదు.

అక్టోబర్ 18

మళ్ళీ పాతాం.

అక్టోబర్ 19

మళ్ళీ మెట్ల మీద.

అక్టోబర్ 28

సర్వమత కమిటీ అని పేరు పెట్టుకున్నాం. పాస్టర్ జనెల్, ఇమామ్, కేథలిక్ ఫాదర్, నేను. సిటీ నుంచి ఆడ్లర్ అనే యూదు లాయరు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. ఫీజు వద్దన్నాడు, భోజనం మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు. చట్టం పూర్తిగా మన వైపే ఉందన్నాడు. ఫాదర్ సంతోషంగా చప్పట్లు కొట్టబోతే ఆపాడు. "జనం ఎటు ఉంటారో చట్టంలో రాయరు ఫాదర్" అన్నాడు.

నవంబర్ 12

పర్మిట్ మీద కౌంటీ బోర్డు హియరింగ్. హాలు సరిపోక గోడల వెంట నిలబడ్డారు. సగం మందికి నేను ఎప్పుడో ఒకప్పుడు సూది వేసినదాన్నే. ఒక్కరూ నా కళ్ళలోకి చూడలేదు.

ఎరువుల కొట్టు డ్వేన్ హాస్కెల్ లేచాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకుని మాట్లాడాడు. వాళ్ళు పెట్టె లేకుండా పూడుస్తారట, ఆ కుళ్ళు నీళ్ళలోకి దిగుతుందట. ఎవరి మతం మీదా కోపం లేదట. "ఇవాళ గొయ్యి. రేపు ఏమడుగుతారో ఎవరైనా చెప్పగలరా?" అని కూర్చున్నాడు. గొంతు పెంచలేదు. వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో నేనే చూసుకున్నాను. అప్పుడూ ఇదే మర్యాద.

తర్వాత అన్నయ్య లేచాడు. వెర్లిన్ అందరి ముందూ మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "నా బావి ఆ కంచె పక్కనే ఉంది" అన్నాడు. అంతే. హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లకు అతనే బెదిరిపోయినట్టు చుట్టూ చూశాడు.

జనెల్ లేచి, మా తాతలు అక్కడే చెక్కపెట్టెల్లో కుళ్ళి మట్టయ్యారు, ఆ బావి నీళ్ళు తాగే వెర్లిన్ ఇంత పొడుగు పెరిగాడు అంది. ఎవరూ నవ్వలేదు. నిర్ణయం వాయిదా వేశారు.

నవంబర్ 20

కూరగాయల కొట్టు దగ్గర డ్వేన్ కలిశాడు. నా బుట్ట అందుకుని కారు దాకా మోశాడు. "మీ ఆయన లాయిడ్ పోయాక ఆ ఇంట్లో ఒక్కదానివే ఉంటున్నావు కదా ఆర్డిత్. మీ రోడ్డు మీద లైట్లు కూడా ఉండవు. జాగ్రత్త" అన్నాడు.

థాంక్స్ చెప్పాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, థాంక్స్ చెప్పానని.

డిసెంబర్ 7

జింకల వేట సీజన్ మొదలైంది. పొద్దుటి నుంచీ తుపాకుల మోత. రామిజ్ నిద్రలో ఉలిక్కిపడి ట్యూబు లాగేసుకుంటున్నాడు. చర్చి బోర్డు మీద "పొరుగువారందరికీ స్వాగతం" అని రాసుకున్నాం. పొరుగువారు అన్న మాట ఉన్నచోట ఇప్పుడు గుండు చిల్లులు. గురి తప్పిన వేటగాడెవరో అయి ఉంటాడని షెరీఫ్ పంపిన పోలీసు డిప్యూటీ రాసుకున్నాడు. జింక బోర్డెక్కి కూర్చుందా అని జనెల్ అడిగితే విననట్టు కారెక్కాడు.

ఫాదిలా మాత్రం ఇవేమీ అడగలేదు. రామిజ్ మందులు నేను సర్దుతుంటే పక్కన వచ్చి నిలబడింది.

"బోస్నియాలో యుద్ధం వచ్చినప్పుడు మా ఊళ్ళో మొదట ఎవరూ ఎవరినీ కొట్టలేదు. పక్కింటి అతను పొద్దున్నే పలకరించడం మానేశాడు. అంతే. మేం అప్పుడే వెళ్ళిపోవాల్సింది. మా తమ్ముళ్ళిద్దరూ, మంచివాడే, ఏదో చికాకులో ఉన్నాడులే అన్నారు."

తమ్ముళ్ళ గురించి ఇంకేమీ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

"నిన్ను పలకరించడం మానేసింది ఎవరు?" అని అడిగింది.

ఎవరూ లేరన్నాను. హియరింగ్ రోజు నుంచి అన్నయ్య గొంతు వినలేదు.

డిసెంబర్ 25

అన్నయ్య ఇంటికి భోజనానికి పిలవలేదు. ఒక్కదాన్నే సూప్ తాగాను.

జనవరి 9

కోర్టుకు వెళ్తానని ఆడ్లర్ రాసిన తర్వాత కౌంటీ బోర్డు దారికొచ్చింది. పర్మిట్ వచ్చింది. కాగితం రామిజ్ చేతికిచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని అంతా చదివి, "చావడానికి ఇంత మంది సంతకాలు కావాలని తెలిస్తే పుట్టేవాణ్ణే కాదు" అన్నాడు. దగ్గు తెర ఆగేదాకా వీపు పట్టుకుని కూర్చున్నాను.

జనవరి 15

రామిజ్ పోయాడు. తెల్లవారుతుండగా. ఫాదిలా చెయ్యి అతని నుదుటి మీద ఉంది.

జనవరి 16

మా తోటలో ఎప్పుడూ గోతులు తవ్వే మనిషికి ఇవాళే నడుం పట్టిందట. నేల రాయిలా గడ్డకట్టి ఉంది. గడ్డి, బొగ్గులు పోసి మంట పెట్టి, మసీదు మగవాళ్ళూ మా సంఘం మగవాళ్ళూ గునపాలతో తవ్వారు. చీకటి పడే వేళకు పూర్తయింది. ఫాదర్ చేతులు బొబ్బలెక్కాయి, అందరికీ చూపించుకున్నాడు. చాలా రోజుల తర్వాత నేను నవ్వాను.

జనవరి 17



పొద్దున రామిజ్‌ను తీసుకుని వెళ్ళేసరికి తోటలో రెండు గోతులున్నాయి.

రెండోది మేం తవ్వింది కాదు. యంత్రంతో తవ్వింది, అంచులు కోసినట్టున్నాయి. లాయిడ్ పక్కన ఉంది. లాయిడ్ పోయినప్పుడు ఒకే రాయి మీద ఇద్దరి పేర్లూ చెక్కించాను. నా పేరు, పుట్టిన సంవత్సరం, తర్వాత ఖాళీ. ఆ ఖాళీ కింద నోరు తెరుచుకుని ఉంది గొయ్యి.

 పాడె మోస్తున్నవాళ్ళు మోస్తూనే నిలబడిపోయారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఖననానికి వెళ్ళరట. ఫాదిలా వచ్చింది. నా పక్కకు వచ్చి, నా చెయ్యి పట్టుకుని, ఆ గోతిలోకి చూసింది.

"రామిజ్ ఉంటే అడిగేవాడు, దీనికి పర్మిట్ ఎవరిచ్చారని."

అప్పుడు ఏడ్చాను.

ఇమామ్ పాడెను మెల్లగా దింపించాడు. బతికున్న మనిషి గొయ్యి తెరిచి ఉండగా నమాజుకు నిలబడలేనన్నాడు. ముందు దాన్నే పూడ్చారు. మొదటి పార ఫాదిలా వేసింది. భర్త మంచులో ఆగి ఉన్నాడు, ఆమె నా గోతిలో మట్టి వేస్తోంది. ఆ తర్వాతే రామిజ్‌కు జనాజా నమాజు. మావాళ్ళు వెనక వరసలో తలలు వంచి నిలబడ్డారు. ఆడ్లర్ కూడా.

యంత్రం చక్రాల జాడలు మంచులో తిన్నగా కంచె దాకా వెళ్ళాయి. కంచె అవతల అన్నయ్య పొలం.

జనవరి 18

అన్నయ్య పశువుల కొట్టంలో ఉన్నాడు. యంత్రం అక్కడే ఉంది, తవ్వే పళ్ళకు మన్ను.

"నాదే. డ్వేన్ అడిగాడు. ఇచ్చాను."

దేనికని అడగలేదా అన్నాను.

"లేదు."

ఎందుకు అడగలేదు?

చాలాసేపు దూడకు పాలు పట్టాడు. "అడిగితే చెప్తాడని" అన్నాడు.

ఈ మాట షెరీఫ్‌తో చెప్పు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. డ్వేన్ ఒక్కడు కాదన్నాడు. ఎంతమంది, ఎవరెవరు అంటే బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నేనే షెరీఫ్ దగ్గరికి వెళ్ళాను. ఆకతాయి పనిలా ఉందన్నారు.

జనవరి 21

ఫాదిలా తన ఇంటికి వచ్చి ఉండమంటోంది. నేను కదిలితే వాళ్ళు గెలిచినట్టే అన్నాను. మా తమ్ముళ్ళు కూడా ఇదే అన్నారు అంది.

జనవరి 24, సాయంత్రం

అన్నయ్య ఫోన్ చేశాడు. ఈ రాత్రి ముందు గదిలో పడుకోవద్దు, కిటికీల దగ్గరికి రావద్దు అన్నాడు. ఎవరొస్తున్నారు అని అడిగేలోపు పెట్టేశాడు.

కాసేపటికి అతని ట్రక్ వచ్చి మా వాకిట్లో రోడ్డుకు ఎదురుగా ఆగింది. లైట్లు ఆర్పేశాడు. లోపలికి రాలేదు. ఆయుధం పట్టకూడదన్నది మా సంఘం నమ్మకం. మా ఇంటి మగవాళ్ళు యుద్ధాల్లో జైలుకైనా వెళ్ళారు గానీ ఏ మనిషి మీదా తుపాకీ ఎత్తలేదు.

స్టీరింగ్ వెనక కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ఏదో ఉంది. ఏమిటో ఇక్కణ్ణుంచి కనిపించడం లేదు.