దేవి కారుకి ఉప్పుగాలి తగలకుండా

మావా,

చేపల గంపతో ఆమదాలవలస వెళ్తున్నాను. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచేలోగా, పాకలో మన దేవి కట్టుకుంటున్న కారు చట్రం మీద టార్పాలిన్ కప్పు. వలలు పట్టిన చేత్తో దాన్ని ముట్టుకోకు, ఉప్పంటుతుంది.

నిన్న ఆ పిల్ల చట్రానికి పైన రంగు వేసి ఊరుకోలేదు. ఇనప గొట్టాల లోపల కూడా నూనె పోసి తిప్పింది. "కనపడని చోట ఏటే ఈ పాట్లు?" అన్నాను. "తుప్పు లోపల్నుంచే తినేస్తాదమ్మా" అని టార్చి వేసి చూపించింది. గొట్టం ఆ చివరిదాకా తళతళలాడింది. మన లంగర్లనే తినేసే ఈ గాలిలో ఇనుము అలా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"నెలకే తుప్పట్టిపోతాది" అని నవ్వావు కదా. నాలుగు నెలలైంది.

గురమ్మ

అన్నట్టు, దేవి సాయంత్రం పని నుంచి వచ్చాక కారు బాగుందని చెప్పు. నేను చెప్పాను. నీ నోట వినాలని చూస్తోంది.